వేయింట రెండు వంతులు

తర్కసంగ్రహము చదువుకొన్నవారికి సంస్కారమను గుణము మూడు విధములని జ్ఞాపకముండును. వేగము, భావన, స్థితిస్థాపకము అని వాని పేర్లు. విసరిన రాయి చేయి విడిచిన పిమ్మటను పోవుచుండుటకు వేగము కారణము. ఎన్నడో చూచిన ముఖము నేడు స్మృతికి వచ్చుటకు భావన కారణము. వంచి విడిచిన కొమ్మ తన చోటికి తాను మరలుటకు స్థితిస్థాపకము కారణము. ఆంధ్రుడైన అన్నంభట్టు ఈ మూడింటిని చిన్న చిన్న వాక్యములలో ముగించి ముందుకు సాగిపోయెను. మా గురువుగారును అట్లే సాగిపోవువారే గాని, ఆనాడు కూర్చున్న తాటాకు చాపను చుట్టి విడిచి చూపుటకు ఒక్క నిమిషము నిలిచిరి. చాప విచ్చుకొనెను. కాని పూర్తిగా చదును కాలేదు; అంచులు రెండును కొంచెము లేచియే యుండెను. పూర్వావస్థను పొందించునదే స్థితిస్థాపకమైనచో ఈ చాపకు పూర్వావస్థ యేది, అల్లినవాడు అల్లి యిచ్చిన నాటిదా, నిన్నరాత్రి చుట్టి మూలను నిలిపిన నాటిదా యని నేనడిగితిని. పండ్రెండేండ్ల పిల్లవాని ప్రశ్నకు ఆయన నవ్వి, "ముందు పంక్తి అప్పగించరా" అనిరి. పంక్తి యప్పగించితిని. ప్రశ్న మిగిలిపోయెను.

అది మరల నాకెదురుపడినది వేదశాస్త్రముల వాసన యెంతమాత్రమును లేని చోట. మా పెద్దమ్మాయి కాపురమున్న టెక్సస్ రాష్ట్రమున, పొరుగింటి గ్యారేజీలో, నూనె మరకలు పడిన బల్లకడ నొక చలికాలము నేను చాల సాయంకాలములు గడపితిని. ఆ యింటి వృద్ధుడు యంత్రశాలలో లేతుమీద పనిచేసి విశ్రాంతి గొన్నవాడు. ఆదివారములందు మూడువందల గజముల దూరమునుండి కాగితపు గురిని కొట్టుట ఆయన వినోదము. శనివారములందు ఆ గురికి వలయు తూటాలను తానే కూర్చుకొనుట అంతకంటె పెద్ద వినోదము. దీనిని వారు రీలోడింగ్ అందురు. తూటాలో గుండు పోవును, మందు కాలిపోవును, అడుగున నిప్పు పుట్టించు ప్రైమరు చచ్చిపోవును. మిగులునది ఇత్తడి గొట్టము. దానిని వారు కేసు అందురు. నూటికి డెబ్బది పాళ్లు రాగి, ముప్పది పాళ్లు తుత్తునాగము కలిసిన ఆ గొట్టమును మరల అచ్చునకు తెచ్చి, క్రొత్త ప్రైమరును, మందును, గుండును చేర్చిన, అది మరల తూటా యగును. ఇట్లొకే గొట్టమును పది పదునైదు మార్లు వాడువారును గలరు.

పప్పు, చారు తిని పెరిగిన నావంటివానికి తూటాతో నేమి పనియని పాఠకుడడుగవచ్చును. తూటాకును ధర్మమునకును మన దేశమున సంబంధము క్రొత్తది కాదు. 1857లో పంటితో చింపవలసిన కాగితపు తూటాకు ఆవుకొవ్వో పందికొవ్వో పూసిరన్న యనుమానముతో మీరటులో 90 మంది ఆశ్వికులలో 85 మంది దానిని ముట్టమనిరి. తరువాతి కథ యెల్లరకు దెలిసినదే. అయితే నన్ను పట్టి నిలిపినది కొవ్వు కాదు, కొలత.

ఆ వృద్ధుని రైఫిలు .308 వించెస్టరు తూటాను కాల్చునది. ఆ తూటా సీసా వంటిది: లావైన ఒడలు, దానిపై వాలుగా భుజము, భుజముపై సన్నని మెడ. రైఫిలు గర్భములోనికి తూటాను త్రోసి బోల్టును మూసినపుడు, తూటా ఎంతవరకు పోయి ఆగవలయునో నిర్ణయించునది ఈ భుజమే. బోల్టు ముఖమునుండి భుజముపై ఒక నియతస్థానము వరకు గల దూరమును హెడ్‌స్పేసు అందురు. .308 విషయమున ఆ స్థానము భుజము వ్యాసము 0.400 అంగుళము ఉండు చోటు. ఆ దూరము 1.630 అంగుళములుగా చేసిన ఉక్కు కొలతబిళ్లపై బోల్టు మూసికొనవలయును, 1.634 అంగుళముల బిళ్లపై మూసికొనరాదు. అనగా రైఫిలు చేయువానికి దొరకిన స్వేచ్ఛ యంతయు వేయింట నాలుగు వంతుల అంగుళము.

ప్రేలినపుడు లోపల పుట్టు ఒత్తిడి చదరపంగుళమునకు 62,000 పౌనుల దాక పోవచ్చును. ఆ క్షణమున ఇత్తడి నలుదిక్కుల ఉబ్బి గర్భము గోడలనంటుకొని, వెనుకకు వాయువు పొక్కకుండ తానే కట్టయై నిలుచును. ఒత్తిడి తగ్గినంతనే కొంచెము ముడుచుకొనును. ఆ కొంచెమే లేకున్న గొట్టము గర్భమున బిగుసుకొని బయటికి రాదు. ఇదిగో, ఇదే స్థితిస్థాపకము! కాని యది ముడుచుకొని ఎచ్చటికి చేరినది? కర్మాగారము విడిచిననాటి కొలతకు కాదు. గర్భము కొలతకును కాదు. రెంటి నడుమ, గర్భమునకే మిక్కిలి దగ్గరగా నొకచోట నిలిచినది. చాప అంచులు లేచియుండినట్లే.

ఇట్టి గొట్టమును మరల వాడుటకు డై యను ఉక్కు అచ్చులోనికి ఒత్తి నలిపి చిన్నది చేయవలయును. దీనిని రీసైజింగ్ అందురు. ఎంత చిన్నది చేయవలయును? ఇచ్చటనే నా చిన్ననాటి ప్రశ్న ఇత్తడి రూపము దాల్చి బల్లపై కూర్చుండెను. డై పెట్టెలోని కాగితము సాధారణముగా ఒక్క విధి చెప్పును: గొట్టమును పట్టియుంచు షెల్ హోల్డరు తగులువరకు డైని దింపి, యంత్రము వంపు తీరుటకై మరి పాతిక చుట్టు త్రిప్పుము. ఆ విధి ననుసరించిన గొట్టము లోకమునగల ఏ .308 రైఫిలులోనైన పట్టును. కాని యే రైఫిలుకును అతుకదు. భుజము తన గర్భమునకు కావలసినదానికంటె ఎక్కువ వెనుకకు పోవును. అప్పుడు పేల్చుసూది తట్టినతోడనే తూటా ముందునకు జరుగును. ముందుభాగము గోడలనంటి పట్టుకొనును. వెనుక మిగిలిన ఖాళీని పూరించుటకు అడుగుభాగము బోల్టు దాక సాగవలసి వచ్చును. ఒకమారు సాగును, రెండుమార్లు సాగును, అయిదారు మార్లకు అడుగునకు కొంచెము పైన గోడ పలుచనై తెగును. వృద్ధుడట్టి గొట్టము నొకదానిని నిలువున కోసి దాచియుంచెను. వెలుపల సన్నని తళుకు గీటు మాత్రమే. లోపల చూచిన నాగటి చాలువంటి గాడి. కొన వంచిన సన్నని తీగను లోనికి దింపి గోడవెంట గీచి, గాడి తగులుచున్నదేమో వ్రేళ్లతో పరీక్షింపుమనెను. తగిలెను. నాకొడలు జలదరించినది. అది తెగిన ముహూర్తమున ఆ వాయువు వెనుకకు వచ్చునది కాల్చువాని ముఖము మీదికి గదా.

ఈ చావు వాడుకవలన వచ్చినది కాదు, శుద్ధివలన వచ్చినది. ప్రతిమారును పుట్టుకనాటి స్థితికి మరలింపవలెనన్న పట్టుదలయే దానిని చంపినది.

మన ధర్మశాస్త్రములందలి ప్రాయశ్చిత్తకాండ చదివినపుడు నాకెప్పుడును ఒక బెదరు కలుగుచుండెడిది. కృచ్ఛ్రములు, చంద్రకళలతోపాటు కబళములు పెంచి తగ్గించు చాంద్రాయణములు, ఒక్కొక్క దోషమున కొక్కొక్క నిష్ఠురవిధి. మనుష్యుని మరల మాతృగర్భమునుండి వచ్చిననాటి నైర్మల్యమునకు తెచ్చుటయే వీని లక్ష్యమా యని తోచెడిది. ఆ లక్ష్యముతో తమ్ము తాము ఒత్తుకొనినవారిని నేనెరుగుదును. బంధువులలో నొక పెద్దమనిషి యౌవనమున చేసిన యేదో చిన్న తప్పిదమునకు ముప్పదియేండ్లు ఉపవాసములు చేసి చేసి, తుదకు మనుష్యులతో మాటలాడకుండుట కూడ ఉపవాసములోని భాగమే యనుకొనెను. వెలుపల తళుకు గీటు, లోపల గాడి. కాని యాజ్ఞవల్క్యుడు చెప్పిన మాట వేరు. దేశమును, కాలమును, వయస్సును, శక్తిని, పాపమును చక్కగా పరికించి మరి ప్రాయశ్చిత్తము కల్పింపవలెనని యాతడు శాసించెను. పరికించుట యనగా కొలుచుటయే. పాతిక చుట్టు అందరకు నొక్కటి కారాదని దాని యర్థము.

ఎట్లు కొలుతురు? వృద్ధుడు చేయు రీతిని చెప్పెదను. తన రైఫిలులోనే కాలిన గొట్టమును తీసికొని, చచ్చిన ప్రైమరును ముందుగా తట్టి తీసివేయును. అది కొంచెము పొడుచుకొని యున్నచో కొలత అబద్ధమాడును. కాలిపరు దవడకు భుజమున కూర్చుండు రంధ్రముగల బిళ్ల నొకదానిని తగిలించును, దానిని కంపారేటరందురు. ఆ బిళ్ల భుజముపై నానినపుడు కనబడు అంకెను పలకపై వ్రాసికొనును. ఒక్కమారు కాలిన గొట్టమును నమ్మడు. మొదటి ప్రేలుటతో ఇత్తడి గర్భమును పూర్తిగా నింపదని యాయన యనుభవము. రెండు మూడుమార్లు కాలినవానిని పదింటిని కొలిచి, అందలి పెద్ద అంకెను గ్రహించును. ఆ యంకె గ్రంథములందలి అంకెతో సరిపోదు, నాకును నీకును సరిపోదు. ఆ బిళ్లయంచు అరుగుడు, ఆ కాలిపరు స్వభావము అందులో కలిసియున్నవి. ఆయన కక్కరలేదు. మీది ఎంతయని యడుగువారికి చెప్పడు గూడను, చెప్పిన మోసమని. ఒకే పనిముట్టుతో ఒకే రైఫిలు గొట్టమును ముందును వెనుకను కొలిచినపుడు వచ్చు భేదము మాత్రమే సత్యము. మేయము, మానము, ప్రమాణము అన్నియు 'కొలుచు' అను నొక్క ధాతువునుండి పుట్టినవని పండితులు పలుమారు చెప్పగా వింటిని గాని, దాని బరువు నాకు తెలిసినది ఆ పలకను చూచిననాడే. డై పెట్టెలోని కాగితము శబ్దప్రమాణము. కాలిన గొట్టము ప్రత్యక్షము. శబ్దము సర్వసాధారణమును చెప్పగలదు. ఈ యొక్క గర్భము లోతును ఈ గర్భమున కాలివచ్చినదే చెప్పవలయును.

ఆ పెద్ద అంకెనుండి భుజమును వేయింట రెండు వంతులు మాత్రము వెనుకకు త్రోయుట ఆయన నియమము. తలవెండ్రుక మందమునకు మించని దూరము. తనంత తాను మూసికొను తుపాకులకు మూడో నాలుగో కావలెనట. అచ్చట మూయునది మనుష్యుని చేయి కాదు, బిగువును తెలిసికొని ఆగు జ్ఞానము దానికి లేదు. డై మరకు అంగుళమునకు పదునాలుగు చుట్లు. అందుచే ఒక పూర్తి చుట్టు డైని వేయింట డెబ్బదియొక్క వంతులు దింపును. గడియారపు ముఖమున ఒక నిమిషపు గీటునుండి పై గీటునకు గల కోణమంత త్రిప్పిన, వేయింట ఒక వంతును కొంచెమును దిగును. డైని ముందు చాల ఎత్తుగా బిగించి, ఒక్కొక్క గీటు చొప్పున దింపుచు, ప్రతిమారు గొట్టము నొత్తి, పూసిన నూనెను తుడిచి, కొలుచును.

ఇక్కడ నేనూహింపని దొకటి జరిగెను. మొదట దింపినపుడు భుజము వెనుకకు పోవలసినది, ముందునకు వచ్చెను! కాలినదానికంటె పొడవు హెచ్చెను. నేను లెక్క తప్పినదనుకొంటిని. ఆయన నవ్వి వివరించెను. డై ముందు గొట్టము ఒడలిని నలుప్రక్కల నొక్కును. నొక్కబడిన ఇత్తడికి పోవుటకు చోటు ముందువైపే గనుక భుజము ముందునకు త్రోయబడును. డై మరి కొంచెము దిగి భుజమును తాకిన పిమ్మటనే అది వెనుకకు మరలును. సగము దింపి ఆపినవాడు గొట్టమును మునుపటికంటె చెడిపినవాడగును, బోల్టు మూసికొనదు. ప్రతిజ్ఞలు పట్టినవారందరును ఈ ముందడుగు నెరుగుదురు. మితభాషిత్వమును అభ్యసింప బూనినవాడు మొదటి వారమున ఇంటివారితో కలహించును. క్రోధమును నొక్కినవాడు మొదటి పక్షమున లోకమంతయు తప్పు చేయుచున్నదని కనుగొనును. యోగశాస్త్రకారులు వ్యుత్థానసంస్కారము, నిరోధసంస్కారము అని రెండింటి పెనుగులాటను చెప్పిరి. ఒకటి అణగుచుండ మరియొకటి లేచునని. అణగుటకు పూర్వము పాతది ఒకింత మీది కుబుకునని వారు వేరుగా చెప్పియుండిన మనకు ధైర్యము కలిగియుండెడిది.

మరియొక చిక్కు. డై ఎంతకొత్తినను ఇత్తడి అంతకు లోబడదు. బయటికి వచ్చినతోడనే ఒకింత తిరుగబడును. కాలినపుడు గర్భమునుండి వెనుకకు ముడుచుకొన్న గుణమే ఇప్పుడు అచ్చునుండి ముందునకు ఉబ్బుచున్నది. అనగా స్థితిస్థాపకము పుట్టుకకు పక్షపాతి గాదు, అనుభవమునకును పక్షపాతి గాదు. తాను చివరిసారి నిలిచిన చోటే దానికి పూర్వావస్థ. మా గురువుగారి చాపకు సమాధానమిదియే: దానికి పూర్వావస్థ నిన్నరాత్రి మూలది. ఇంతేకాక, ప్రేలుటయు ఒత్తుటయు పెరిగినకొలది ఇత్తడి గట్టిపడి తిరుగుబాటును హెచ్చును. కావున డై కదలకున్నను అంకె కదలును. నిరుడు సరిపోయిన నియమము నేడు సరిపోదు, మరల కొలువవలయును.

ఈ గట్టితనమునకు మందు మంట. గొట్టము మెడను భుజమును క్షణకాలము వేడిచేసి మెత్తబరతురు. అడుగును మాత్రము వేడి తాకనీయరు. అడుగు మెత్తనైన ఒత్తిడి నోపలేదు. ఈ విద్యలో నొక పాఠము మన దేశమునుండి పోయినదే. బ్రిటిషు సైన్యములు వానకాలమున తూటాలను గుర్రపుశాలలలో నిలువచేసినపుడు, వాడకయే, తాకకయే, ఇత్తడి గొట్టములు మెడకడ పగులుచుండెను. ఋతువున పగులుటచే దానికి సీజను క్రాకింగ్ అని పేరు వచ్చెను. కారణము 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనువారు తేల్చిరి: చల్లగా సాగదీసి చేసిన ఇత్తడిలో బిగిసి నిలిచిపోయిన ఒత్తిడియు, గుర్రముల మూత్రమునుండి పుట్టు అమ్మోనియాయు కలిసి చేసిన పని. వెలుపలి విషము ఒక్కటే చాలలేదు. లోపలి బిగువు ఒక్కటే చాలలేదు. కొలతలన్నియు సరిగానున్న గొట్టమే పగిలినది. కొలతకు అందదని కాబోలు, మనసులోని ఇట్టి బిగువును మన పెద్దలు వాసన యన్నారు.

ఇక వేరొక పక్షము కలదు. డై భుజమును తాకనేరాదు, మెడను మాత్రము సవరించిన చాలును, గర్భమే చేసిన రూపముకంటె సరియైన రూపమెక్కడిదని వాదించువారు. ఒకప్పుడు గురికాండ్రలో వీరిది పెద్దమాట. స్వానుభవమే గురువని, విధినిషేధములు వలదని చెప్పు మన సహజవాదులను వీరు నాకు స్ఫురింపజేసిరి, వారివలెనే వీరును కొంతదూరము సుఖముగానే పోవుదురు. మూడు నాలుగు మార్లు కాల్చినపిదప గొట్టము గర్భముతో సమానమై, బోల్టు బిగుసుకొని, తలుపునకు గొళ్లెము పట్టనట్లగును. అనుభవము తన యచ్చును తానే పోసికొని తన తలుపును తానే మూసికొన్నది. పాత .303 లీ ఎన్‌ఫీల్డు, మన ఇషాపూరులో లెక్కలేనన్ని తయారైనది, అడుగున అంచుగల తూటాను కాల్చును. అది నిలుచునది అంచుమీద, భుజము మీద గాదు. దాని గర్భము భుజముకడ వదులుగా నుండును గనుక, దానిని ప్రతిమారు పూర్తిగా నొత్తినవారికి గొట్టములు త్వరగా తెగును. భుజము నూరకుండనిచ్చినవారికి చిరకాలము వచ్చును. ఏది దేనిపై నిలిచియున్నదో తెలియక దేనిని సవరింతుము?

తార్కికుల సంస్కారము పూర్వావస్థను చూచును. శబరస్వామి మీమాంసాభాష్యమున చెప్పిన సంస్కారము ముందున్న పనిని చూచును: ఏది జరిగినతర్వాత ఒక వస్తువు ఒక ప్రయోజనమునకు యోగ్యమగునో అది సంస్కారమని యాతని భావము. యాగమున వడ్లను దంచుమని విధి. ఎన్ని పోట్లు? పొట్టు పోవుట కంటికి కనబడు ప్రయోజనము గనుక, పొట్టు పోవువరకు. అటుపిమ్మట రోకలి యాడించినవానికి దక్కునవి నూకలు. గౌతమధర్మసూత్రము నలుబది సంస్కారములను లెక్కించి, వానికి దయ, క్షాంతి మొదలగు ఎనిమిది ఆత్మగుణములను జోడించి, నలుబదియు జరిగినను ఎనిమిదియు లేనివానికి ఫలము లేదన్నది. అది వినుటకు నీతిబోధవలె నుండును గాని నాకిప్పుడు కొలతబల్లవలె కనబడుచున్నది. నలుబది ఒత్తుడులు, ఎనిమిది యోగ్యతలు, చూడవలసినది రెండవదానిని.

శంకరులు ఒప్పరని తెలియును. మోక్షము సంస్కార్యము గాదని, సంస్కారమనగా గుణమును చేర్చుటయో దోషమును తీయుటయో యని, ఆత్మకు రెండును పొసగవని ఆయన నాల్గవ సూత్రభాష్యమున తేల్చివైచెను. నేను వాదింపను. ఆత్మమాట ఆత్మకు వదలి, ఉదయము లేచి మనుష్యులతో మెలగవలసిన యీ గొట్టముమాట నేను చెప్పుచున్నాను. దీనికి పుట్టుకనాటి కొలత మరల రాదు, రానక్కరలేదు. బ్రదికిన గర్భము ముద్ర దీనిపై నుండవలసినదే. అయితే తలుపు మూసికొనుటకు వెండ్రుకవాసి సందు మాత్రము ఇది తనంత తాను విడువలేదు. దానికొరకు పెరవాని చేతి యొత్తిడి కావలెను.

బయలుదేరుటకు ముందటి శనివారమున వృద్ధుడు బోల్టులోని సూదిని, తీగచుట్టను, గొట్టమును వెలికి నెట్టు ఎజెక్టరును ఊడదీసి, ఆ బోల్టును రైఫిలులో పెట్టి నా చేతికిచ్చెను. ఆ వారము సవరించిన ఖాళీ గొట్టములు మూడు బల్లపై వరుసగా నిలిపెను. మొదటిదానిని లోనికి త్రోసి పిడిని విడిచితిని. తన బరువుననే అది దిగువదాక పడెను. రెండవదియు నట్లే. మూడవదానికి పిడి ముప్పాతిక దూరము దిగి నిలిచెను. వ్రేలితో తాకితిని, దిగెను. ఆయన యా గొట్టమును తీసి వెలుగునకు పట్టి చూచి, నూనె తుడిచి, కాలిపరు నందుకొని, పలకపై పాత అంకె ప్రక్కన క్రొత్త అంకె వ్రాసెను.